ఎవరి ఖాతాలో ఎవరి ఖర్చు? సబ్‌ప్లాన్ చట్టాన్ని గాజువాక నుంచి చదివితే

రాష్ట్ర బడ్జెట్ పుస్తకాల్లో 789 అనే అంకె ఒకటుంది. విద్య గానీ, వైద్యం గానీ, రోడ్లు గానీ, ఏ శాఖ పద్దులు తిరగేసినా ఎక్కడో ఒకచోట ఈ అంకె తగులుతుంది. దేశమంతటా ప్రభుత్వ లెక్కలకు వాడే పద్దుల జాబితాలో 789 అంటే షెడ్యూల్డ్ కులాల ఉపప్రణాళిక, 796 అంటే గిరిజన ఉపప్రణాళిక. సభల్లో, కరపత్రాల్లో 'సబ్‌ప్లాన్ నిధులు' అని మనం మాట్లాడేదంతా అచ్చులో ఈ రెండు అంకెలే. వీటి పక్కన రాసిన రూపాయలను కూడి, ఈ ఏడాది దళితులకు ఇంత ఇచ్చామని ప్రభుత్వం చెబుతుంది. అంత ఇవ్వలేదని ప్రతిపక్షం అంటుంది. అధికారం చేతులు మారితే మాటలు అటువి ఇటు, ఇటువి అటు అవుతాయి గానీ కూడిక పద్ధతి మాత్రం మారదు. మేము అడగదలచింది ఆ పద్ధతి గురించే. ఒక ఖర్చును ఆ అంకె పక్కన రాయాలంటే దానికి ఉండాల్సిన అర్హత ఏమిటి? దళితులు ఈ రాష్ట్రంలో లేకపోయినా అయ్యే ఖర్చును దళితుల పేర రాసుకోవచ్చునని చట్టమే ఒప్పుకుంటే, ఆ చట్టం కోసం ప్రభుత్వం నిజంగా పెట్టింది ఎంత?

కథనీ, కవితనీ, నవలనీ చదివేటప్పుడు ఇందులో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి నోరు నొక్కారు అని నిలదీయడం మనం నేర్చుకున్నాం. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత ఆ చదువు దళిత ఉద్యమానికి ఆయుధమయ్యింది. చట్టాలను మాత్రం మనం అలా చదవం. చట్టం వస్తే పండగ చేసుకుంటాం, అమలు కాకపోతే ధర్నా చేస్తాం. దాని క్రియాపదాలు ఎట్లా ఉన్నాయో చూడం. 'ఖర్చు చేయాలి' అన్నదానికీ 'ఖర్చు చేసినట్టు భావించాలి' అన్నదానికీ మధ్య ఎన్ని వేల కోట్ల తేడా ఉందో మనకు పట్టదు. అది అకౌంటెంట్ల పని అనుకుంటాం. ఊళ్లో కరణం లెక్కలు రాసినన్నాళ్లూ పేటవాళ్లం అనుకున్నదీ ఇదే. 1984లో కరణీకం రద్దయింది గానీ, కరణం రాసిందే లెక్క అనే అలవాటు సెక్రటేరియట్‌లో అలాగే ఉంది.

ఈ చట్టాన్ని గాజువాక నుంచి చదవడానికి ఒక కారణం ఉంది. ప్రభుత్వ ఖర్చు వల్ల పుట్టిన ఊరు ఇది. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' ఉద్యమంలో పోలీసు కాల్పులకు రాష్ట్రమంతటా కలిపి 32 మంది చనిపోయారని చెప్పుకుంటాం. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశాడు. ఈ ఇరవయ్యొక్క ఏళ్లలో నాలుగు వేల కోట్ల లోపు వేసిన అంచనా రెండింతలు దాటింది. ఎందుకు పెరిగింది, ఎవరి జాప్యం, ఏ యంత్రం ధర ఎంత పెరిగింది అన్నదానికి ఫైళ్లున్నాయి, కమిటీలున్నాయి, పార్లమెంటులో ప్రశ్నలున్నాయి. ఇనుమూ సిమెంటూ ఎంత పడ్డాయో లెక్కగట్టగలిగిన ఆ ఫైళ్లలో ఒక ఖర్చు మాత్రం మొదటి అంచనాలోనూ లేదు, సవరించిన అంచనాలోనూ లేదు. భూమి లేనివాళ్లు పోగొట్టుకున్నదే ఆ ఖర్చు.

64 గ్రామాలు, దాదాపు 22 వేల ఎకరాలు, సుమారు 16,500 కుటుంబాలు అన్నది నిర్వాసితుల ఉద్యమం ఎప్పుడూ చెప్పే లెక్క. ఆ ఊళ్లలో భూమి ఉన్నవాళ్లున్నారు, వేట మీద బతికే మత్స్యకారులున్నారు, ఇతరుల పొలాల్లో కూలి చేసుకుని బతికే దళితులున్నారు. అప్పుడు అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. ఆ చట్టం కళ్లకు కనబడేది భూమి, దాని మీద హక్కున్న మనిషి. పట్టా ఉంటే పరిహారం. ఆ భూమిలో ముప్ఫై ఏళ్లు నాట్లేసి, కోతలు కోసి బతికిన కూలీకి పోయిన పని విలువ ఎంతో రాయడానికి ఆ చట్టంలో గడే లేదు. డి-పట్టా భూములదీ అదే కథ. అవి సర్కారు ఇచ్చిన భూములు, సర్కారు అవసరానికి వెనక్కి తీసుకోవచ్చు, మార్కెట్ ధర ఇవ్వక్కర్లేదు అన్నది అధికారుల వాదన. 1993లో ఒక జీవో వచ్చి కొంత ఇవ్వమన్నా దాన్ని పరిహారం అనలేదు, ఎక్స్‌గ్రేషియా అంది. దయతో ఇచ్చే సొమ్మన్నమాట. అసైన్డ్ భూమికీ పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాల్సిందేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది 2004లో. అప్పటికి ఉక్కు ఫ్యాక్టరీలో ఉత్పత్తి మొదలై పదేళ్లు దాటింది. కదిలించిన కుటుంబాల్లో ఆర్ కార్డు పుచ్చుకుని ఉద్యోగం కోసం చూసినవాళ్లలో దాదాపు సగం మంది చూస్తూనే మిగిలారు. పెదగంట్యాడ, వడ్లపూడి, కూర్మన్నపాలెం వైపు నిర్వాసిత కాలనీల్లో ఆ కార్డును ఇప్పటికీ దాచుకున్న ఇళ్లున్నాయి.

2013 భూసేకరణ చట్టం ఈ లోటును కొంత పూడ్చింది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడి బతికిన వ్యవసాయ కూలీలను, చేతివృత్తుల వాళ్లను కూడా నష్టపోయిన కుటుంబాలుగా గుర్తించింది. ముందుగా సామాజిక ప్రభావ మదింపు జరగాలంది. అంటే ప్రాజెక్టు అసలు ఖర్చు ఎంతో తేలాలంటే మనుషులు పోగొట్టుకునేదాన్ని కూడా కలిపి లెక్కవేయాలని తొలిసారి చట్టం చెప్పింది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవరణ తెచ్చి చాలా రకాల ప్రాజెక్టులకు ఆ మదింపు అక్కర్లేకుండా చేసుకుంది. తెలంగాణ, తమిళనాడు, గుజరాత్ కూడా ఇలాంటి సవరణలు తెచ్చాయి. లెక్క వేస్తే ఖర్చు బయటపడుతుంది కాబట్టి, లెక్కనే ఎత్తేశారు.

ఇది పోగొట్టుకున్నవైపు సంగతి. ఇచ్చినవైపు లెక్క ఎట్లా ఉందో చూడాలంటే సబ్‌ప్లాన్ చట్టం దగ్గరికి రావాలి.

దీని పుట్టుక మనవాళ్లందరికీ తెలిసిందే, క్లుప్తంగా చెబుతాం. అయిదో పంచవర్ష ప్రణాళికలో గిరిజన ఉపప్రణాళిక వచ్చింది. 1978 నుంచి కేంద్ర హోంశాఖలో సంయుక్త కార్యదర్శిగా పి.ఎస్. కృష్ణన్ షెడ్యూల్డ్ కులాల ప్రత్యేక ప్రణాళికకు రూపం ఇచ్చాడు. ఆయన ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారి. జనాభాలో ఎంత వాటా ఉందో ప్రణాళిక నిధుల్లో అంత వాటా, అదీ అంతరాన్ని పూడ్చే పనులకే, అన్నది దాని సారం. 1980 మార్చిలో ఇందిరాగాంధీ ముఖ్యమంత్రులందరికీ లేఖ రాసింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలు అది లేఖగానే మిగిలింది. చట్టం కాదు గనక ఎవరూ జవాబు చెప్పక్కర్లేకపోయింది. దళిత సంఘాలు, వామపక్ష సంఘాలు, కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం, సెంటర్ ఫర్ దళిత్ స్టడీస్ వంటి పరిశోధన సంస్థలు, కాకి మాధవరావు వంటి మాజీ ఉన్నతాధికారులు కలిసి నడిపిన ఆందోళన ఫలితంగా 2012 డిసెంబరు మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును ఆమోదించింది. 2013 జనవరిలో చట్టం అమల్లోకి వచ్చింది. దేశంలో ఇలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం మనదే. ఆ గెలుపు చిన్నది కాదు. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు.

అయితే చట్టాన్ని అక్షరం అక్షరం చదవాలి. ముందు భాగం గట్టిగా ఉంటుంది. రాష్ట్ర సగటుతో పోలిస్తే షెడ్యూల్డ్ కులాలు, తెగలు ఎంత వెనకబడ్డాయో ఆ అంతరాన్ని పూడ్చాలంటుంది. వ్యక్తులకో, కుటుంబాలకో, ఆవాసాలకో నేరుగా అందే, కొలిచి చూపగలిగే ప్రయోజనం ఉన్న పథకాలే ఇందులో చేర్చాలంటుంది. 'నేరుగా', 'కొలవగలిగే' అన్న ఈ రెండు మాటలూ ఉద్యమం సాధించినవి. తర్వాత ఖర్చును ఎట్లా లెక్కగట్టాలో చెప్పే సెక్షన్ వస్తుంది. దళితులకు మాత్రమే ఉద్దేశించిన పథకమైతే ఖర్చు నూరు శాతం సబ్‌ప్లాన్ కింద రాయాలి. దళిత ఆవాసాల్లో చేసే పనులను కూడా సబ్‌ప్లాన్ కిందికే తెచ్చింది. ఇంతవరకూ పేచీ లేదు. మూడో రకం, అందరికీ వర్తించే పథకాల్లో దళితులు కూడా ఉంటే వాళ్లెంతమందో ఆ నిష్పత్తిలో రాయాలి. నాలుగో రకం, విడదీయలేని మౌలిక సదుపాయాలు. పెద్ద రోడ్డు, వంతెన, ప్రాజెక్టు లాంటివి. వీటి ఖర్చులో ప్రభుత్వం నిర్ణయించిన కొంత భాగాన్ని సబ్‌ప్లాన్‌కు చెందినట్టుగా భావించాలి.

భావించాలి! ముందు పేజీల్లో 'నేరుగా', 'కొలవగలిగే' అన్న చట్టం ఇక్కడికొచ్చేసరికి కొలతను వదిలేసి భావనలోకి దిగింది. ఆ భాగం ఎంతో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, ఖర్చు ప్రభుత్వమే చేస్తుంది, చేసినట్టు ప్రభుత్వమే భావిస్తుంది. ముద్దాయీ, సాక్షీ, జడ్జీ ఒక్కరే అయితే తీర్పు ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మాటవరసకు గాజువాక మీదుగా ఒక వంతెన కట్టారనుకుందాం. దాని మీద పోర్టు లారీలు పోతాయి, ఆటోనగర్ సరుకు పోతుంది, షిఫ్టు దిగినవాళ్ల బస్సులు పోతాయి. వంతెన ఖర్చులో కొంత శాతం 789 పద్దులో పడుతుంది. దళితవాడలో ఒక్క కుళాయి వేయకుండానే, ఒక్క గజం కాలువ తవ్వకుండానే, సబ్‌ప్లాన్ ఖర్చు అన్ని కోట్లు పెరుగుతుంది. మా పేటకేటి ఒచ్చింది బాబూ అని ఎవరైనా అడిగితే, వంతెన మీద మీరూ నడుస్తారు కదా అని జవాబు.

ఈ జవాబును తేలిగ్గా కొట్టిపారేయకూడదు. చదువుకున్న మనవాళ్లు కొందరు కూడా ఇదే అంటున్నారు. దళితుడు రోడ్డు మీద నడవడా, ఆసుపత్రికి పోడా, వాడి పిల్లలు బడికి పోరా, మరి ఆ ఖర్చులో వాడి వాటా రాయడంలో తప్పేమిటి అని. తప్పు ఇదీ. రోడ్డు మీద దళితుడు నడిచేది పౌరుడిగా. పౌరుడిగా రావలసింది సాధారణ పద్దులోంచి రావాలి. అది అందరితో పాటు అతనికీ ఉన్న హక్కు, అతను కట్టే పన్నులు కూడా కలిసిన డబ్బు. అగ్గిపెట్టె మీదా సబ్బు మీదా సారా మీదా పన్ను కట్టనివాడు ఈ రాష్ట్రంలో ఎవడున్నాడు? ఉపప్రణాళిక పుట్టింది దానికి పైన. ఇన్ని తరాలుగా పేరుకుపోయిన అంతరాన్ని పూడ్చడానికి, విడిగా. పౌరుడిగా వచ్చేదాన్నే దళితుడిగా ఇచ్చామని రాస్తే, ఒకే రూపాయిని రెండుసార్లు చెల్లించినట్టు చూపించినట్టే. ఊళ్లోవాళ్లందరికీ రోడ్డు వస్తుంది. పేటవాళ్లకు మాత్రం ఆ రోడ్డు ఖరీదు వాళ్ల ప్రత్యేక నిధిలోంచి కోత పడుతుంది. అత్త సొమ్ము అల్లుడి దానం అంటే ఇదే.

ఇప్పుడు రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్లు లేచినప్పుడు దళిత కూలీ నష్టాన్ని విడిగా కొలవడం కుదరదన్నారు. పట్టా లేదు, కాగితం లేదు, కాబట్టి సున్నా రాశారు. అదే ఊళ్ల మీదుగా ఇవాళ వేసే రోడ్డు ఖర్చులో దళితుడి లాభాన్ని మాత్రం విడదీయలేకపోయినా శాతం కట్టి రాసేస్తున్నారు. నష్టమైతే కొలవలేనిది సున్నా అవుతుంది. లాభమైతే కొలవలేనిదే కోట్లవుతుంది. ఈ రెండు పద్ధతులనూ ఒకే ఖజానా, ఒకే సర్వీసు అధికారులు, ఒకే గుమాస్తా సంస్కృతి నడిపింది. ఇందులో ఎవరో ఒక మంత్రి దుర్బుద్ధినో, ఒక పార్టీ మోసాన్నో మేము వెతకడం లేదు. ఈ లెక్కల వ్యాకరణమే అట్లా ఉంది.

మూడో రకం గురించి ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇటీవల డబ్బంతా అటే పోతోంది. పింఛన్లు, అమ్మఒడి, ఇప్పటి తల్లికి వందనం లాంటివి అందరికీ ఇచ్చే నగదు బదిలీలు. లబ్ధిదారుల్లో దళితులెంతమందో లెక్కేసి ఆ మేరకు సబ్‌ప్లాన్ కింద చూపుతున్నారు. 2014-19 మధ్యా, 2019-24 మధ్యా, ఆ తర్వాతా, జెండా రంగు ఏదైనా ఇదే దారి. ఒక ముసలమ్మకు పింఛను రావడం మంచిదే. ఆ డబ్బు ఆమెకు బియ్యమూ మందులూ అవుతుంది. కానీ ఆమె దళితురాలు కాకపోయినా ఆ పింఛను వచ్చేదే. అదే పరీక్ష. ఈ ఖర్చు సబ్‌ప్లాన్ చట్టం లేకపోయినా జరిగేదా, జరిగేది కాదా? జరిగేదే అయితే ఆ చట్టం వల్ల ప్రభుత్వానికి అయిన ఖర్చు పైసా లేదు. ఈ ఒక్క ప్రశ్న వేసి 789 కింద ఉన్న పద్దులను జల్లెడ పడితే అడుగున ఎంత మిగులుతుందో ప్రభుత్వమే చెప్పాలి. హాస్టళ్లు మిగులుతాయి, గురుకులాలు మిగులుతాయి, కొన్ని స్కాలర్‌షిప్పులు, కొంత కార్పొరేషన్ డబ్బు మిగులుతాయి. పై పొట్టు ఎంతో, గింజ ఎంతో అసెంబ్లీలో చెప్పమనండి.

కర్ణాటక అనుభవం ఇక్కడ పనికొస్తుంది. మన తర్వాత 2013లోనే వాళ్లూ చట్టం చేసుకున్నారు. అందులోనూ ఇలాంటి 'భావించే' నిబంధన 7(డి) పేరుతో ఉండేది. దాని చాటున నిధులు రోడ్లకూ ప్రాజెక్టులకూ పోతున్నాయని దళిత సంఘాలు పదేళ్లు కొట్లాడితే, 2023లో ఆ నిబంధనను తీసేశారు. మంచి పని. కానీ అదే ఏడాది ఐదు గ్యారంటీ పథకాల కోసం ఆ ఉపప్రణాళిక నిధుల్లోంచి పదకొండు వేల కోట్లకు పైగా వాడారు. ఎట్లా? మూడో రకం నిబంధన ఉండనే ఉంది, అందరికీ ఇచ్చే పథకంలో దళితులూ ఉన్నారు కదా అని. ముందు తలుపు మూస్తే పెరటి తలుపు తెరిచారు. మన దగ్గర ముందు తలుపు కూడా మూయలేదు.

తెలంగాణ 2017లో పాత చట్టాన్ని తీసేసి ప్రత్యేక అభివృద్ధి నిధి పేరుతో కొత్త చట్టం చేసుకుంది. కేంద్రం 2017-18 నుంచి ప్లాన్, నాన్-ప్లాన్ విభజన ఎత్తేయడంతో 'ప్లాన్ నిధుల్లో వాటా' అన్న మాటకే అర్థం లేకుండా పోయింది. దానికి జవాబుగా వచ్చిన చట్టమది. ఖర్చు కాని డబ్బు మరుసటి ఏడాదికి కొనసాగాలన్న నిబంధన అందులో పెట్టారు. అది మనకు లేని మేలు. కానీ 2022-23 బడ్జెట్‌లో దళితబంధుకు 17,700 కోట్లు చూపి, ఖర్చు దానికి ఆమడ దూరంలో ఆపేసిన రాష్ట్రం కూడా అదే. కేటాయింపు చూపడానికి ఏ చట్టమూ అడ్డం రాదు. ఆంధ్రప్రదేశ్‌లో పదేళ్ల గడువు తీరుతుండగా 2023 జనవరిలో ఆర్డినెన్సు తెచ్చి పాత చట్టాన్నే మరో పదేళ్లు పొడిగించారు. ఆ పదేళ్లలో నిజంగా ఎంత ఖర్చయింది, అంతరం ఎంత పూడింది అన్న చర్చ లేకుండానే పొడిగింపు అయిపోయింది. మనవాళ్లు కూడా పొడిగించారు చాలు అని ఊపిరి పీల్చుకున్నారు.

ఒక మాట మన సంఘాల గురించి కూడా చెప్పాలి. ప్రతి మార్చిలో బడ్జెట్ రాగానే కరపత్రం వేస్తాం, ఇంత శాతం రావాలి, ఇంతే ఇచ్చారు అని. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ కులాలు 17.08 శాతం, తెగలు 5.53 శాతం. ఈ అంకె తగ్గితే గోల చేస్తాం, సరిపోతే ఊరుకుంటాం. ప్రభుత్వానికి ఇది బాగా తెలుసు. శాతం సరిపోయేదాకా పద్దులు కలుపుకుంటూ పోతే చాలు. మనం కేటాయింపు అడిగితే వాళ్లు కేటాయింపు ఇస్తారు. బడ్జెట్ పుస్తకంలో అసలు ఖర్చు అంకె రెండేళ్ల తర్వాత వస్తుంది. అప్పటికి ఎవరి వేడీ మిగలదు, విలేకరులు కూడా ఆ గడి చూడరు. పైగా డబ్బును ఏదో కార్పొరేషన్ పీడీ ఖాతాలోకి మారిస్తే ఖజానా లెక్కలో అది ఖర్చయినట్టే, నిజానికి అక్కడే పడుకుని ఉన్నా. పీడీ ఖాతాల గురించి కాగ్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని పదేపదే తప్పుపట్టింది. ఇవి కాకిలెక్కలని తెలిసీ మనం శాతాల దగ్గరే ఆగిపోవడం మాకు అర్థం కాని విషయం.

శాతం ఇంకొకటి కూడా దాస్తుంది. పాత విశాఖపట్నం జిల్లాలో 2011లో షెడ్యూల్డ్ కులాల జనాభా ఎనిమిది శాతం లోపే. ఇక్కడ సబ్‌ప్లాన్ అంటే అధికారులకు పెద్ద పట్టింపు లేకపోవడానికి అదొక సాకు. ఆ ఎనిమిదిలోనూ నగరాన్ని ఊడ్చే రెల్లి కులస్తులు ఉన్నారు. 2025లో రాష్ట్రం వర్గీకరణ చేసి రెల్లి, ఉపకులాలకు ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చింది. సబ్‌ప్లాన్ ఖర్చు ఏ కులానికి ఎంత చేరిందో చెప్పే పట్టిక మాత్రం ఎక్కడా అచ్చు కాలేదు. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. పదిహేనేళ్లుగా పని వెతుక్కుంటూ గాజువాక, పెదగంట్యాడ అద్దె గదుల్లోకి వచ్చిన కాంట్రాక్టు కార్మికులు ఏ ఊరి లెక్కలో ఉన్నారో దేవుడికే తెలియాలి.

మరి జవాబు ఎవరు చెప్పాలి? రాజ్యాంగం చోటు పెట్టింది. ఖజానా నుంచి ఖర్చు పెట్టించే బిల్లును 207(3) అధికరణం ప్రకారం గవర్నరు సిఫారసు లేకుండా సభ ఆమోదించడానికి వీల్లేదు. ఇలాంటి బిల్లులకు ఎంత ఖర్చవుతుందో చెప్పే ఆర్థిక వివరణ పత్రం జతచేయాలని లోక్‌సభ 69వ నియమం చెబుతుంది. అంటే చట్టం చేసేవాడు ధర చెప్పి చేయాలన్నది కొత్త కోరికేమీ కాదు. అమెరికాలో 1974 నుంచి కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు ఉంది. బిల్లు ఖర్చు ఎంతో ప్రభుత్వంతో సంబంధం లేకుండా అది లెక్కగట్టి చెబుతుంది. మన శాసనసభ్యుడికి ప్రభుత్వం ఇచ్చిన కాగితం తప్ప మరో కాగితం లేదు. డాక్టర్ అంబేడ్కర్ లండన్‌లోనూ కొలంబియాలోనూ చదివింది ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాలే. 1925లో అచ్చయిన ఆయన గ్రంథం బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద. 1949లో రాజ్యాంగ సభలో ఆయన కాగ్ పదవిని రాజ్యాంగంలో బహుశా అందరికన్నా ముఖ్యమైన అధికారిగా చెప్పాడు. విగ్రహాలకు దండలేసే మనం ఆ అంబేడ్కర్‌ను ఎందుకో పక్కన పెట్టేశాం. ఆడిటర్ కూడా పద్దు ప్రకారం ఖర్చయిందా అని చూస్తాడు. పద్దులో దాన్ని పెట్టడమే న్యాయమా అని చూడాలంటే చట్టం ఆ ప్రశ్నకు చోటివ్వాలి. 'భావించిన' ఖర్చును ఆడిట్ చేయడానికి ఏముంటుంది, భావనను వోచరుతో సరిచూస్తారా?

ఉక్కు ఫ్యాక్టరీ విషయంలోనూ ఇదే జరుగుతోంది. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ కమిటీ నూరు శాతం వాటా అమ్మేయాలని నిర్ణయించింది. అమ్మితే వచ్చేది ఎంతో మాట్లాడారు గానీ, ప్రభుత్వ రంగంలో ఉన్న ఉద్యోగాలతోపాటు పోయే రిజర్వేషన్ విలువ ఎంతో ఒక్క కాగితం మీద కూడా రాయలేదు. కార్మికులు ఏళ్ల తరబడి దీక్షలు చేశాక, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. అందులో 10,300 కోట్లు మూలధనం. ఫ్యాక్టరీకి సొంత గనులు లేక ఇనుప ఖనిజం మార్కెట్ ధరకు కొనుక్కోవాల్సి రావడం మొదటినుంచీ ఉన్న జబ్బు, దానికి ఈ ప్యాకేజీలో మందు లేదు. ఆ ఏడాదే స్వచ్ఛంద పదవీ విరమణలు, కాంట్రాక్టు కార్మికుల తగ్గింపు మొదలయ్యాయి. కాంట్రాక్టు పనిలో రిజర్వేషన్ లేదు. పర్మనెంటు ఉద్యోగి దిగిపోతే ఆ కుర్చీ రోస్టరు నుంచి మాయమవుతుంది. ప్యాకేజీ ధర 11,440 కోట్లు అని పేపర్లు రాశాయి. నిర్వాసిత కుటుంబంలో ఇంకా ఉద్యోగం రాని ఆర్ కార్డు మనిషికి, రోస్టరులో పాయింటు పోగొట్టుకున్న దళిత డిప్లొమా కుర్రాడికి అయ్యే ఖర్చు ఆ అంకెలో లేదు. 1971లో అంచనా రాసినప్పుడూ లేదు.

గాజువాక 2005 దాకా విడి మున్సిపాలిటీ, ఇప్పుడు విశాఖ మహానగరపాలక సంస్థలో భాగం. చట్టం ప్రకారం జిల్లాకు కలెక్టరు అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ ఉండాలి, ఏటా నివేదిక శాసనసభ ముందు పెట్టాలి. ఈ రెండూ ఎవరైనా అడగగలిగినవే. విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు, కార్మిక సంఘాల్లోని దళిత కార్యకర్తలు కలిసి ఒక్క ఏడాది పద్దు తీసుకోవాలని మా సూచన. 789 కింద ఈ నగరం పేర చూపిన ప్రతి పనినీ సమాచార హక్కు కింద అడిగి తెప్పించాలి. ఏ వార్డులో, ఏ పేటలో, ఎంత, ఎప్పుడు బిల్లు పాసయింది. ప్రతి పని పక్కన ఒక గడి పెట్టాలి: ఈ చట్టం లేకపోయినా ఇది అయ్యేదా? ఇంకో గడి: ఇది నేరుగా ఎవరికి అందింది, పేరు పెట్టి చెప్పగలమా? ఆ పట్టికను కలెక్టరు కమిటీ ముందు పెట్టాలి, శాసనసభ్యుడి చేతికివ్వాలి, ఇలాంటి పత్రికలకు పంపాలి. పొడిగించిన గడువు 2033 జనవరితో తీరుతుంది. అప్పుడు మళ్లీ చట్టం కావాలని అడిగేటప్పుడు 'భావించినట్టు' అన్న పదాన్ని దాని నుంచి కొట్టేయమని అడగాలంటే, అప్పటికి మన చేతిలో కనీసం ఏడు పట్టికలుండాలి.